పిలిస్తే రానివాడు

ఆ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో ఒక పద్ధతుంది. ఎవరు రాసిన మాటను వాళ్ళే లేచి నిలబడి, దాని అర్థం, వాడుక, పుట్టుక పైకి చదవాలి. మిగతావాళ్ళు అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తారు. జవాబు చెప్పలేకపోతే ఆ మాట అచ్చుకు వెళ్ళదు. ఈ పద్ధతి పెట్టిన పెద్దాయనకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

ఆ రోజు అక్క వంతు. ఆఫీసులో అందరికీ ఆమె అక్కే. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు మాట 'ఔట్‌లా'. మామూలుగా అయితే హుషారుగా లేచేదే కానీ, ఆ రోజు లేవడానికి తటపటాయించింది. ఆమె వెనక పాత కాగితాల గదిలో సొంత తమ్ముడు నక్కి ఉన్నాడు మరి.

వాడు సరుకుల వ్యాను నడుపుతాడు. నిన్న సాయంత్రం మలుపులో సైకిలు మీద పోతున్న ఒకాయన్ని గుద్దేశాడు. ఆయన కాలు విరిగింది, ప్రాణానికి ఢోకా లేదు. దిగి సాయం పట్టాల్సింది పోయి, జనం మూగేసరికి వెధవ హడలిపోయి వ్యాను వదిలేసి పరిగెత్తాడు. స్టేషనుకు రమ్మని పోలీసులు కబురు మీద కబురు పెట్టారు. పోతే కొడతారని వీడి భయం. పొద్దున్నే అక్క దగ్గరికొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆమె కడుపు నిండా తిట్టి, తన టిఫిను వాడికి పెట్టి, ఆ గదిలోకి తోసి తలుపు దగ్గరగా వేసింది.

అర్థం బాగానే చదివింది: చట్టానికి దొరక్కుండా తిరిగే నేరగాడు. క్రియగా వాడితే, చట్టం చేసి నిషేధించడం. పుట్టుక దగ్గరికొచ్చేసరికి ఓసారి వెనక తలుపు వైపు చూసింది. నార్స్ అనే పాత భాషనుంచి వచ్చిందనీ, 'చట్టానికి బయటివాడు' అని దాని భావమనీ చెప్పింది.

ఏం చేస్తే అలా బయటికి నెట్టేవాళ్ళు అని పెద్దాయన అడిగాడు.

"నేరం చేసినందుకే కాదండీ. కోర్టుకు రమ్మని మళ్ళీ మళ్ళీ పిలిచినా రానందుకు. ఆ తర్వాత వాణ్ణి ఎవరు చంపినా అడిగే దిక్కుండేది కాదు."

తలుపు వెనక కాగితాల కట్ట జారిపడింది. అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలకలని ఏదో గొణిగింది. చూద్దామని లేవబోయిన కామాల బాబాయి, అంటే కామా తప్పితే కత్తులు నూరే ప్రూఫు రీడరు, ఎలక పేరు వినగానే కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. నలుగురూ నవ్వారు. ఆమె మాత్రం కాగితం మీంచి కళ్ళెత్తలేదు.

"సరే, వాడికి ఎవరైనా అన్నం పెట్టి దాచుకుంటేనో?" అన్నాడు పెద్దాయన.

ఆ సంగతి ఆమె చదివింది. చదివే, పొద్దున తను రాసినదాంట్లోంచి కొట్టేసింది. తెలియదంటే మాట ఆగిపోతుంది, అంతే. కానీ ఒక మాట గురించి తెలిసీ తెలియదనడం ఆమె వల్ల కాలేదు. వాళ్ళకూ శిక్షేనని నోట్లోనే అనుకున్నట్టు అంది.

"వినపడలేదమ్మా."

"దాచినవాళ్ళకూ శిక్షేనండీ."

తలుపు తెరుచుకుంది. తమ్ముడు జుట్టునిండా దుమ్ముతో నిలబడ్డాడు. అక్క వైపు చూడనైనా చూడలేదు.

"మా అక్కకేం తెలియదండీ. నేనే దూరాను. స్టేషనుకి పోతున్నాను."

"అబద్ధమండీ. నేనే దాచాను," అంది అక్క. అని వాడి భుజం పట్టుకుని బయటికి నడిపించింది. ఎవరి ముఖమూ చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

మెట్ల మీద వాడు ఆగిపోయాడు.

"అక్కా, ఇప్పుడెళ్తే, పిలిస్తే వచ్చినట్టే లెక్కేస్తారంటావా?"

ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు. వాడికంటే తనకే ఎక్కువ భయంగా ఉంది.

"నడువు," అంది.