పదిన్నర బండి

కొమరయ్య తలుపును రెండు వేళ్లతో తోశాడు. తెరుచుకుంది. మళ్లీ మూసి, ఈసారి చిటికెనవేలు ఒక్కటే ఆనించి తోశాడు. కాస్త మొరాయించినా అప్పుడూ తెరుచుకుంది. వంగి, గడప పక్కన బూటు పెట్టి ఎత్తు చూశాడు. బూటు అడుగు మందం కూడా లేదు. తను తీసుకొచ్చే ముసలావిడ మార్గరెట్ పట్టుకు నడిచే వాకర్ చక్రం ఆగకుండా లోపలికి పోతుంది.

ఆదివారం పొద్దున ఎనిమిది. బయట మైనస్ ఇరవై రెండు. కెనడాలో సస్కటూన్ ఊరి తూర్పు చివర, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ల వరసల మధ్య చిన్న దుకాణాల సముదాయం. టైర్ల షాపుకీ లాండ్రీకీ నడుమ ఇరుక్కుని ఉంది ఈ హోటల్. బోర్డు మీద అక్షరాలు సగం వెలిసిపోయాయి. నాలుగేళ్లుగా కొమరయ్య ఈ వీధిలో వ్యాన్ నడుపుతున్నా దీన్ని చూడలేదు. నిన్న లాండ్రీ ముందు సిగ్నల్ పడి ఆగితే, అద్దం వెనక ఒక ముసలాయన కోటు విప్పకుండా రెండు చేతులతో కప్పు పట్టుకుని కూర్చుని కనిపించాడు. ఆ కూర్చోవడంలో ఎవరూ తొందరపెట్టడం లేదన్న నిమ్మళం ఉంది. అది చాలు, పొద్దున్నే వచ్చేశాడు.

లోపల ఎనిమిది బల్లలు. కుర్చీలకు చేతులున్నాయి. ఒకదాంట్లో కూర్చుని లేచాడు. మళ్లీ కూర్చుని, ఈసారి మోకాళ్లు సహకరించని మనిషిలా, బరువంతా చేతుల మీద వేసి లేచాడు. కుర్చీ వెనక్కి జారలేదు. బాత్‌రూమ్‌లో గోడకున్న ఇనుప కడ్డీని రెండు చేతులా గుంజి చూశాడు. బయటికొచ్చి కాఫీ కప్పు పిడిలో మూడు వేళ్లు దూర్చాడు. దూరాయి. కీళ్లు వాచిన వేళ్లకు ఒక వేలు పట్టే కప్పులు పనికిరావు.

కౌంటర్ వెనక నుంచి అంతా చూస్తున్న ఆడమనిషి, అరవై ఏళ్లుంటాయేమో, నవ్వుతూ అడిగింది. "మీరు ఇన్‌స్పెక్టరా?"

"కాదమ్మా. డ్రైవర్ని," అన్నాడు కొమరయ్య, లారీ మీద నేర్చుకున్న ఇంగ్లిషులో. "పదకొండుకి ఐదుగుర్ని తెస్తాను. అందరికంటే చిన్నాయనకి ఎనభై నాలుగు."

ఆవిడ నవ్వడం ఆపి, కిటికీ పక్క బల్ల చూపించింది. "అక్కడ ఎండ పడుతుంది. ఉంచుతాను." ఆవిడ పేరు డార్లీన్.

కొమరయ్య వ్యాన్ నడిపే వృద్ధుల నివాసంలో ఆదివారాలు బ్రంచ్‌కి తీసుకెళ్లడం మొదలుపెట్టినప్పుడు, ఏ హోటలన్నది ఆఫీసువాళ్లే ఫోన్లో రేటింగు నక్షత్రాలు చూసి నిర్ణయించేవాళ్లు. మొదటి వారం ఎయిత్ స్ట్రీట్ మీద పేరున్న చోటికి పంపారు. గడ్డకట్టే చలిలో ముప్పావుగంట క్యూ. తలుపు లాగలేక ఒకావిడ గుమ్మంలో నిలబడిపోయింది. లోపల పాటల హోరుకు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. ఆ రాత్రి కొమరయ్యకు అన్నం సయించలేదు. మరుసటి ఆదివారం నుంచి, ఎవరూ చెప్పకుండానే, తెల్లారగట్ల లేచి తనే ముందు వెళ్లి చూసి రావడం మొదలుపెట్టాడు.

"ఇంట్ల సర్వపిండి చేసి పెడితే తినవు గానీ, ఎవరి కోడిగుడ్లు ఎట్లున్నయో చూడనీకె పోతవు," అనేది అతని భార్య మల్లవ్వ. అన్నా, థర్మాస్‌లో టీ పోసిచ్చేది.

నిజానికి అతని బతుకంతా ఒంటరి తిండే. పుట్టింది కోరుట్ల పక్కన. ఇరవై రెండో ఏట మస్కట్ వెళ్లి పద్నాలుగేళ్లు నీళ్ల ట్యాంకరు తోలాడు. తరవాత ఎవరో ఏజెంటు పుణ్యాన కెనడా వచ్చి లారీ ఎక్కాడు. పల్లెల్లో రైతుల కొట్ల నుంచి గోధుమలు నింపుకుని రైలు పట్టాల పక్క గోదాముల్లో దించడం, ఆరు చలికాలాలు. నడుములో పూస జారాక ఈ వ్యాన్ దొరికింది. ఆ ఇరవై ఏళ్లూ స్టీరింగ్ మీద పేపరు పరుచుకుని తిన్నాడు. బ్రంచ్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు అదేం పూటో అర్థం కాలేదు. పొద్దుటిదీ కాదు, మధ్యాహ్నానిదీ కాదు. ఆకలికోసం కాక, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికని మనుషులు పెట్టుకున్న పూట అని తెలిసినప్పుడు అతనికి చాలా ఆశ్చర్యమేసింది. ఆ ఆశ్చర్యం ఇంకా పోలేదు.

తొమ్మిదిన్నరకు నివాసానికి వచ్చి వ్యాన్ వేడెక్కిస్తుంటే నర్సు మృదుల స్వెటర్ చేతులు లాక్కుంటూ బయటికి వచ్చింది.

"కొమరయ్య అంకుల్, సీతారామారావు గారి వెయిట్ మళ్లీ తగ్గింది. నిన్నంతా రెండు స్పూన్ల సూప్, అంతే. బుధవారం రివ్యూ ఉంది. వాళ్లు నది అవతలి కేర్ హోమ్‌కి షిఫ్ట్ చేస్తారేమో."

"అక్కడ బండి ఉంటదా?"

"ఉండదు అంకుల్. అక్కడ ఎవరూ బయటికి పోరు."

కొమరయ్య వ్యాన్ మెట్టు మీద మంచును బూటుతో గీకాడు.

సీతారామారావు గారిది తెనాలి వైపు. యాభై ఏళ్ల కింద వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కొమరయ్యకు తెలిసింది అంతే. భార్య పోయి ఆరేళ్లు, పిల్లల్లేరు. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం డ్రైవర్ వెనక సీటులో కూర్చుని తెలుగులో కబుర్లు చెప్పేవారు. ఐదు వారాలుగా కబుర్లూ తగ్గాయి, తిండీ తగ్గింది. అడిగితే "రుచి తెలియడం లేదయ్యా" అంటారు. పోయిన నాలుగు ఆదివారాలూ కొమరయ్య నాలుగు కొత్త చోట్లు వెతికాడు. నాలుగు చోట్లా ఆయన ముందు పెట్టిన పళ్లెం పెట్టినట్టే వెనక్కి వెళ్లింది.

పదిన్నరకు బండి కదిలింది. నీలంగా, మచ్చలేని ఆకాశం. గాలిలో మంచు నలుసులు మెరుస్తున్నాయి. మలుపు తిరగగానే కొమరయ్య బ్రేకు మీద కాలు వేశాడు. సూర్యుడికి అటొకటి, ఇటొకటి, ఇంకో రెండు చిన్న సూర్యుళ్లు. మూడింటినీ కలుపుతూ పల్చటి వెలుగు వలయం. ఇక్కడ చలికాలంలో అప్పుడప్పుడు కనిపించేదే. అయినా చూసిన ప్రతిసారీ అతనికి చేతులు జోడించబుద్ధవుతుంది.

"సార్, చూసిండ్రా?"

సీతారామారావు గారు తల తిప్పారు. చాలాసేపు చూశారు. "మంచు పలుకులయ్యా. పలకలు పలకలుగా ఉంటాయి. ఒక్కోదాని గుండా వెలుగు వంగి వస్తుంది," అని, "అది తెలిసినా ఏం లాభం లేదు. చూస్తే నోరు తెరుచుకోవాల్సిందే," అన్నారు.

ఐదు వారాల్లో అంత పొడుగు మాట అదే మొదటిది.

డార్లీన్ మాటిచ్చినట్టే కిటికీ బల్ల ఉంచింది. తొంభై ఒక్కేళ్ల మార్గరెట్ చిటికెనవేలితో తలుపు తోసుకుని, ఏదో గెలిచినదానిలా వెనక్కి తిరిగి చూసింది. కుర్చీలు జరపడం, కోట్లు విప్పడం, కళ్లజోళ్ల ఆవిరి తుడవడం, అన్నీ అయ్యేసరికి పావుగంట. డార్లీన్ ఆ పావుగంటా ఆర్డరంటూ మీదికి రాలేదు. కొమరయ్య మనసులో ఆవిడకు దండం పెట్టాడు.

గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు, ఒక బుట్ట నిండా మందంగా కోసిన రొట్టె. సీతారామారావు గారు గుడ్డు వైపు చూడలేదు. రొట్టె ముక్క ఒకటి తీసి, తినడానికి కాదు, ఊరికే పట్టుకున్నారు. బొటనవేలితో నొక్కారు. గుంట పడి, మెల్లగా పైకి లేచింది. మళ్లీ నొక్కారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒక చిన్న తునక తుంచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. ఆ నమలడం ఎంతకీ పూర్తి కాలేదు.

కళ్లు తెరిచి డార్లీన్‌ని పిలిచారు. "ఈ పిండి ఎక్కడిది?"

"మాదే. మా తమ్ముడు పండిస్తాడు, ఇక్కడికి గంట దూరం. నాన్న వేసిన రకం. ఇప్పుడు గోదాముల వాళ్లు కొనరు, దిగుబడి తక్కువ. అయినా ముప్పై ఎకరాల్లో మానకుండా వేస్తాడు. వేరే పిండితో మా అమ్మ రొట్టె రాదంటాడు."

"కోతకు ముందు కాడ ఊదారంగుకి తిరుగుతుందా?"

డార్లీన్ చేతిలో కాఫీ కూజా ఆగింది. "తిరుగుతుంది. పొద్దుగూకేటప్పుడు చేనంతా... మీకెలా తెలుసు?"

"గింజ వెన్నుకి ముళ్లలాంటి మీసాలుండవు."

"ఉండవు."

ఆయన గొంతు సవరించుకున్నారు. "యాభై రెండు, పదిహేడు."

డార్లీన్ కూజా బల్ల మీద పెట్టేసింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ అంకె మా నాన్న గింజల కొట్టు మీద నల్ల రంగుతో రాశాడు. ఏమిటో మాకెవరికీ తెలీదు. ఆయన్ని అడగలేదు, పోయాడు."

కొమరయ్యకు ఇంగ్లిషు మాటలు అందాయి గానీ సంగతి అందలేదు. సీతారామారావు గారు అతని వైపు తిరిగి తెలుగులో చెప్పారు.

"ఈ గోధుమ నాది కొమరయ్యా. అంటే, యూనివర్సిటీలో మా మడిలో పుట్టింది. కుంకుమ తెగులుకి చేలకు చేలే ఎర్రబడిపోతున్న రోజులు. పదకొండేళ్లు పట్టింది. నేనూ, మా ఇంటావిడ జానకీ. ఆవిడ కళ్లు నాకంటే మంచివి. సన్నటి పట్టకారుతో పువ్వు పువ్వూ విప్పి, పుప్పొడి తీసి ఇంకోదానికి అద్దడం. యాభై రెండో వరస, పదిహేడో మొక్క. ఆరేడేళ్లు రైతులు వేశారు. తరవాత ఎక్కువ పండే రకాలొచ్చాయి, దీన్ని వదిలేశారు. విత్తనం కూడా లేదన్నారు. పోయిందనే అనుకున్నాను."

"గీ గింజ మీరే చేసిండ్రా సార్?"

"చేయడమేమిటయ్యా! రెండు మొక్కలకి పెళ్లి చూపులు ఏర్పాటు చేశాం. అంతే." ఆయన నవ్వారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

కొమరయ్య బుట్టలోని రొట్టె వైపు చూశాడు. ఆరు చలికాలాలు, నలభై టన్నుల చొప్పున, వెనక కొండంత గోధుమ పెట్టుకుని మంచులో తోలాడు. అద్దంలో అది ఒక బరువుగా తప్ప ఎప్పుడూ కనిపించలేదు. ఇప్పుడా బరువంతా విడివిడి గింజలై, ఒక్కొక్క గింజ వెనకా వంగిన ఒక నడుమూ, చికిలించిన రెండు కళ్లూ కనిపించాయి. ఒక ముక్క తీసుకుని, బయట బండిలో తినేవాడల్లా, మొదటిసారి వాళ్ల బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

సీతారామారావు గారు రెండు ముక్కలు తిన్నారు. గుడ్డు తిన్నారు. మార్గరెట్ పళ్లెంలోంచి బంగాళాదుంప అడిగి తీసుకున్నారు. డార్లీన్ తమ్ముడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి బల్ల మధ్యలో ఉంచింది. అవతల ట్రాక్టరు చప్పుడు మధ్య ఒక మొరటు గొంతు, "ఆగస్టులో రమ్మనండి, ఊదారంగు చూపిస్తా," అంది.

"వస్తాను," అన్నారు సీతారామారావు గారు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ నిండా ఎండ. ఆయన పక్కన ఈసారి మార్గరెట్ కూర్చుంది. ఆమె చేయి ఆయన చేతి మీద ఉంది. గతుకుల దగ్గర కొమరయ్య వేగం తగ్గించి, అద్దంలో చూశాడు. ఆయన తల కిటికీకి ఆనించి ఉంది. నిద్రపోనీలే అనుకున్నాడు. కడుపు నిండి ఎన్నాళ్లయిందో!

నివాసం ముందు ఆపి, ర్యాంపు దించి, ఒక్కొక్కరినే లోపలికి చేర్చాడు. మార్గరెట్ చివరగా దిగింది. "పడుకున్నాడు. తొందరపెట్టకు," అంది. ఆమెకు తెలుసా అన్నది కొమరయ్య తరవాత ఎన్నోసార్లు అనుకున్నాడు, ఎప్పుడూ అడగలేదు.

"సార్, వచ్చినం." భుజం తట్టాడు. "సార్."

చెంప వెచ్చగానే ఉంది. ఎండకు.

కొమరయ్యకు అర్థమైంది. వెంటనే ఎవరినీ పిలవలేదు. తలుపు దగ్గరికి వేసి, చలి లోపలికి రాకుండా చేసి, ఆయన పక్క సీటులో కూర్చున్నాడు. మార్గరెట్ వదిలిన చేతిని తను పట్టుకున్నాడు. భయం వేయలేదు. పొద్దున మూడు సూర్యుళ్లను చూసినప్పుడు ఎలా అనిపించిందో అలానే, చేతులు జోడించబుద్ధయింది. అప్పుడు ఫోన్ తీసి మృదులకు చేశాడు.

ఆమె కోటు లేకుండానే పరుగెత్తుకొచ్చింది. మణికట్టు పట్టుకుని, మెడ దగ్గర వేళ్లు ఆనించి, కాసేపటికి చేయి తీసేసింది. డాక్టరుకు ఫోన్ చేసి, అది పెట్టేశాక ఏం అడగాలో తెలియనట్టు అడిగింది.

"అంకుల్... ఏమైనా తిన్నారా?"

"తిన్నరమ్మా," అన్నాడు కొమరయ్య. "మంచిగ తిన్నరు. నవ్వుకుంట తిన్నరు."

మృదుల తల ఊపింది. ఆయన మఫ్లర్ సరిచేసి, చొక్కా పై బొత్తాము పెట్టింది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కొమరయ్య బండి ఊడ్చాడు. రబ్బరు పట్టాల మీది మంచునీళ్లు పారబోశాడు. డ్రైవర్ వెనక సీటుకూ కిటికీకీ మధ్య సందులో తెల్లటి కాగితపు నాప్కిన్ పొట్లం ఒకటి కనిపించింది. సార్ ఎప్పుడు తీసి దాచుకున్నారో, ఎవరూ చూడలేదు. విప్పాడు: రొట్టె చివరి ముక్క, గట్టి అంచుతో, ఒక మూల కొరికి ఉంది, పళ్ల గుర్తులు ఇంకా పదునుగా.