గోడ పేరున పడిన గుండె

గుండె కొట్టుకునే తీరును కొలిచే ఛాతీ పట్టీలను ఒక్కొక్కటే బకెట్లో ముంచి పిండి, పట్టీలక్క జట్టు అమ్మాయిలకు అందిస్తోంది. తడి లేకపోతే యంత్రం గుండెను పసిగట్టదు. చన్నీళ్ళు ఒంటికి తగలగానే ప్రతి పిల్లా కెవ్వుమంటుంది. "సగం స్నానం అయిపోయింది పో" అని ఆమె ప్రతి పిల్లతోనూ అంటుంది. ఆ జోకు ఏనాడో అరిగిపోయింది గానీ, అది వినకపోతే జట్టుకు తెల్లవారినట్టుండదు.

తర్వాత అందరూ చాపల మీద వెల్లకిలా పడుకుంటారు. నిన్నటి సాధన ఎంత కష్టమనిపించిందో పదికి ఒక అంకె చెప్పాలి. ఆ అంకెలో అబద్ధమాడొచ్చు, గుండె ఆడదు. అలసట తీరిన గుండె దెబ్బకూ దెబ్బకూ నడుమ కాస్త అటూ ఇటూ ఊగుతుందట, అలసిన గుండే గడియారంలా కొలిచినట్టు కొట్టుకుంటుందట. కంప్యూటరు ముందు కూర్చునే లెక్కలాయన చెప్పిన ఈ మాట ఆమెకు ఎప్పటికీ వింతే. ఆమె ఎరిగిన లోకంలో అలసినవాళ్ళే తడబడతారు మరి.

ఆమెకు నడుము పట్టేసి ఉంది. మంచం పట్టిన అత్తగారిని చీకటితోనే లేపి, కడిగి, పక్క మార్చి, రాత్రి డ్యూటీ నుంచి వచ్చే భర్తకు వండిపెట్టి, రెండు బస్సులు మారి వచ్చింది. అత్తగారికి మాట పడిపోయింది గానీ, చూపుతో వంకలు పెట్టడం మానలేదు. పుట్టింట తమ్ముళ్ళను పెంచడంతో మొదలైన చాకిరీ మెట్టినింట సాగుతోంది. పిల్లలు కలగలేదు. ఈ ఆటగత్తెలు మొదటిసారి అక్కా అని పిలిచిన రోజున ఆమె కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయింది.

టిఫిను వేళకు గోల్‌కీపరు పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ కనిపించింది. బంతిని దాటనివ్వదని ఆ పిల్లను అందరూ గోడ అంటారు.

"సాయంత్రం నన్ను ఆడించరట అక్కా. గుండె బాగా అలసిపోయిందని రీడింగు వచ్చిందట. పెద్ద జట్టుకి ఎంపిక చేసేవాళ్ళు వచ్చేది ఈరోజే. నేను హాయిగా నిద్రపోయానని చెప్తే వినరు, మిషను చెప్తే వింటారు."

పట్టీలక్కకు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. పొద్దున గోడ ఆలస్యంగా వచ్చింది. ఆలోగా పట్టీలక్క, ఆ పిల్ల పేరున్న పట్టీ పరికరంలో కొత్త బ్యాటరీ వేసి, పనిచేస్తోందో లేదోనని తానే తొడుక్కుని చాప మీద వాలింది. నడుము నేలకు ఆనగానే కునుకు పట్టేసింది. తర్వాత ఆ పిల్ల వచ్చి పట్టీ కట్టుకున్నా, యంత్రం ఆ పూటకు మొదట పడిన రీడింగునే ఉంచుకున్నట్టుంది. గోడ పేరున పడిన ఆ రీడింగు తనది.

ఆటగత్తెల పరికరాలు వేరెవరూ తొడగకూడదన్నది అక్కడి రూలు. పైగా ఆమెది పర్మినెంటు ఉద్యోగం కాదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పట్టీలన్నీ ఉతికి తీగ మీద ఆరేసింది, గచ్చు తుడిచింది, తుడిచిన గచ్చే మళ్ళీ తుడిచింది. చివరికి చీపురు ఒక మూలన పెట్టి కోచ్ మేడం గదిలోకి వెళ్ళింది.

"అది ఆ పిల్ల గుండె కాదండీ. నాది."

కోచ్ మేడం చీవాట్లు పెట్టింది. ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికి పంపేస్తానంది. లెక్కలాయన మాత్రం తేలికపడ్డాడు. "అదీ సంగతి. ఇరవై ఏళ్ళ పిల్లకి ఇంత ఘోరంగా ఉందేమిటా అని నాకూ డౌటే" అంటూ ఆ రీడింగు తుడిచేసి, గోడకు మళ్ళీ పట్టీ కట్టించాడు. గోడ గుండె నిక్షేపంలా ఉంది.

బయటికి వచ్చాక గోడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మరి ఆ ఘోరమైనది నీదే కదా. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేను తోడొస్తా."

"రేపు మా అత్తగారి దుప్పట్లు ఉతకాలే తల్లీ. ముందు నువ్వు పోయి ఆడు."

సాయంత్రం ఆట మొదలయ్యాక, విరామంలో పిల్లలు తినడానికి ఆమె బల్ల మీద కూర్చుని కమలాపండ్లు ఒలుస్తూ పోయింది. గోడ గాల్లోకి లేచి ఒక బంతిని ఆపింది. "చూశావా మా పిల్లని" అంది పట్టీలక్క పక్కనున్న అమ్మాయితో.

విరామంలో అందరూ పరిగెత్తుకొచ్చేసరికి ఆమె వెనక కంచెకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. "పాపం, ఎప్పుడూ లేనిది పడుకుంది. గోల చెయ్యకండే" అంది ఒక పిల్ల. అంతమందీ గుసగుసల్లో మాట్లాడుకుంటూ తొనలు తిన్నారు. గోడ తన కోటు తెచ్చి ఆమె మీద కప్పి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

ఆట ముగిశాక, ఎంపిక చేసేవాళ్ళు తన పేరు అడిగారని చెప్పడానికి గోడే ముందుగా పరిగెత్తుకొచ్చింది. అక్కా అని చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పట్టీలు పిండే చన్నీళ్ళ చలవేమోనని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దింది. చాలాసేపు రుద్దింది.

నిద్రలోంచి లేచి వచ్చిన భర్త చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, అంబులెన్సు వెనక తలుపు దగ్గర నిలబడి, "పొద్దున బాగానే ఉందండీ" అని అందరితోనూ చెప్పాడు. బండి వెళ్ళిపోయింది. మైదానంలో దీపాలు ఆర్పేశారు. బల్ల మీద ఒక కమలాపండు సగం ఒలిచి ఉంది, తొక్క ఇంకా తెగకుండా దానికే వేలాడుతోంది.