నీళ్లు కలిపిన తేదీ

మరిగించి చల్లార్చిన నీళ్లను మహిత మందు సీసా మీదున్న గీత దాకా పోసి, మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. అడుగున పొడి ఇంకా గడ్డగా కదులుతున్న చప్పుడు. మళ్లీ ఊపింది. తర్వాత గూట్లోంచి పెన్ను తీసి, సీసా మీద అంటించిన కాగితపు అంచున ఆ రోజు తేదీ రాసింది. పక్కనే, 'మూతతో సగం, రోజుకు మూడుసార్లు' అని రాసింది. జ్వరంతో కమిలిన పాప ఆమె భుజం మీద ముక్కు రుద్దుతోంది.

వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మామ సత్తయ్య ఇదంతా చూస్తున్నాడు. "డబ్బా మీదున్న రాతలు సాలవని నువ్వు గూడ రాస్తున్నవా?"

"నీళ్లు కలిపిన రోజు రాసి పెడుతున్న మామా. కలిపినంక ఏడు రోజులే పనిచేస్తది."

"వచ్చే ఏడాది దాంక ఉంటదని దాని మీదనే ఉన్నది గద."

"అది మూత తియ్యనిదానికి."

సత్తయ్య నవ్వాడు. "నీ సదువంత మందు డబ్బాల మీదనే పాయె."

కోపంతో అన్న మాట కాదది. ఆ ఇంట్లో అందరూ అనేదే. మహిత ఇంటర్ మొదటి ఏడాదితో ఆగిపోయింది. లక్డారం నుంచి పటాన్‌చెరు కాలేజీకి పోయే ఆటోలో తోటి ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేసి చివరికి ఆమె మిగిలితే, ఒక్కతే ఎట్లా పోతుందని వాళ్ల నాయన మానిపించాడు. మూడు నెలలు తిరక్కుండానే సుల్తాన్‌పూర్‌లో సిరంజిలు తయారుచేసే కంపెనీకి మాత్రం ఆ ఆడపిల్ల ఒక్కతే పోవచ్చని తేలింది. నాలుగేళ్లు అక్కడ లేబుళ్లు చూసే బల్ల దగ్గర నిలబడి పనిచేసింది. తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు. ఒక్క అంకె అటూ ఇటూ అయినా పెట్టె మొత్తం పక్కకు పోవాలి. పెళ్లయి చిట్కుల్ వచ్చాక కూడా పోయింది. కడుపుతో ఏడో నెల వచ్చాక మానింది. పాపకిప్పుడు పదమూడు నెలలు. ఈ పదమూడు నెలల్లో ఆమె చదివినవి సబ్బు కాగితాలు, పాలపొడి డబ్బాలు, జ్వరం మందు సీసాలు. చదవకపోతే భయం. చదివితే ఇంకో భయం.

అదే రోజు, ఆదివారం పదకొండు గంటలకు ఫోన్ మోగింది. ఆస్ట్రేలియా నుంచి ఆడబిడ్డ అరుణ. కాన్పుకు సాయంగా అత్త కౌసల్య అక్కడికి పోయి రెండు నెలలైంది. మహిత ఫోన్‌ను ఉప్పుడబ్బాకు ఆనించి నిలబెట్టగానే సత్తయ్య, భర్త సాయికిరణ్ వచ్చి ముందు కూర్చున్నారు. వెనక నిలబడి మహిత పాపను ఊపుతోంది.

"నాయినా, అమ్మను జులైల పంపుతలేను," అంది అరుణ. "ఆగస్టుల నేను డ్యూటీకి పోవాలె. ఈడ పిల్లను చూసేటోళ్లు జల్ది దొరకరు. అమ్మ వీసా వచ్చే మార్చి ఇరవై దాంక ఉన్నది. అప్పటిదాంక ఉంటది."

"ఉండనీ అక్కా, టికెట్ మార్పియ్యి," అన్నాడు సాయికిరణ్. "ఈడేం ఆగుతది? మహిత ఇంట్లనే ఉంటది గద."

"నా తిండికేం రంది లేదు," అన్నాడు సత్తయ్య.

అరుణ వెనక సోఫాలో కౌసల్య పసిపాప బట్టలు మడతపెడుతోంది. కుడి మణికట్టుకు పాత చీర పేలిక కట్టుకుని ఉంది. "ఏమంటవే?" అని సత్తయ్య కేకేస్తే, తలెత్తకుండా, "మీ ఇష్టం," అంది.

ఆ మాట బరువు మహితకు తెలుసు. తనూ రోజుకు నాలుగుసార్లు అంటుంది కాబట్టి.

ఫోన్ పెట్టేశాక మహిత క్యాలెండర్‌లో జులై నెల తీసి చూసింది. పోయిన నెలలోనే సుల్తాన్‌పూర్ నుంచి సూపర్‌వైజర్ నాగవల్లి ఫోన్ చేసింది. "జులై పదిహేను నుంచి కొత్త లైను మొదలవుతుందమ్మాయ్. నీలా లేబుల్ చూసేవాళ్లు దొరకట్లేదు. వస్తానంటే పేరు రాసేస్తాను." మహిత ఎవర్నీ అడక్కుండానే, "మా అత్తమ్మ జులై ఆరో తారీఖు వస్తది, వస్త మేడం," అనేసింది. అని, మూడు రోజుల పాటు ఏదో దొంగతనం చేసినట్టు తిరిగింది. చివరికి సాయికిరణ్‌కు చెబితే, "అమ్మ రానీ, సూద్దాం," అన్నాడు. ఆ ఇంట్లో 'సూద్దాం' అంటే కాదనీ కాదు, సరేననీ కాదు. ఆ మాట మీద ఆమె నెలరోజులు బతికింది.

పాప పడుకున్నాక బీరువా తెరిచి, అత్త చీరల కిందున్న కవరు తీసింది. పటాన్‌చెరు ఏజెంటు ఇచ్చిన వీసా కాగితం. దాన్నెందుకు తీస్తోందో ఆమెకే తెలియదు. మార్చి అనే మాట కాగితం మీద కంటితో చూస్తే గానీ మనసు నమ్మేట్టు లేదు. ఇంగ్లీషు ఆమెకు గబగబా రాదు. కానీ నాలుగేళ్లు లేబుళ్లు చూసిన కన్ను గళ్లను వదలదు. వేలు పెట్టి ఒక్కో గడి చదివింది. తెలియని మాటల్ని ఫోన్‌లో వెతుక్కుంది. మార్చి ఇరవై ఉంది. అయితే ఆ గడి పేరు వేరు. ఆ తేదీ దాటాక దేశంలోకి రాకూడదని ఉంది. ఆ తేదీ దాకా ఉండొచ్చని లేదు. దాని కింద ఇంకో గడి. ఉండే కాలం: వచ్చిన ప్రతిసారీ, వచ్చిన రోజు నుంచి మూడు నెలలు.

మహిత లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. పొద్దున కలిపిన మందు సీసా. కంపెనీవాళ్లు అచ్చువేసిన తేదీ వచ్చే ఏడాదిది. దాని పక్కన తన చేత్తో రాసింది, నీళ్లు కలిపిన తేదీ. మూత తీసేదాకా ఒక గడువు, తీశాక ఇంకో గడువు. అత్త విమానం దిగింది ఏప్రిల్ ఎనిమిదిన. వేళ్ల మీద లెక్కపెట్టింది. జులై ఎనిమిది.

సాయికిరణ్‌ది ఆ వారం బి షిఫ్టు. సోమవారం మధ్యాహ్నం పనికి పోయేముందు అన్నం పెడుతూ, కాగితం పళ్లెం పక్కన పెట్టి చెప్పింది. అతను కాగితం వైపు చూడలేదు.

"ఏజెంటు ఏడాది వీసా అన్నడు. అక్క బీటెక్. బావ శ్రావణ్‌కుమార్ ఆడ సాఫ్ట్‌వేర్ల పదేండ్ల నుంచి ఉన్నడు. వాళ్లకు తెల్వనిది నీకు తెలిసిందా?"

"వాళ్లు పై గడి చూసిండ్రు. కింది గడి కూడ చూడాలె."

అతను ముద్ద కలపడం ఆపాడు. "అసలు సంగతి చెప్పు. అమ్మొస్తే పాపను ఆమె చేతుల పెట్టి డ్యూటీకి పోదామని గద నీ పరేషాన్?"

మహిత కాగితం మడిచి కవర్లో పెట్టింది. అతను పోయాక గిన్నెలు తోముతూ ఉంటే, ఆ మాట తప్పయితే బాగుండుననిపించింది. పూర్తిగా తప్పు కాదది. జులై పదిహేను కోసమే కదా బీరువా తెరిచింది. అత్త మణికట్టు కోసం తెరిచిందా? కాదు. ఆ పేలిక చూసి అయ్యో అనుకుంది, మళ్లీ తన పనిలో తను పడింది. పోనీ నోరు మూసుకుంటే? అత్త అక్కడ జులై ఎనిమిది దాటాక కూడా పసిపాప బట్టలు మడతపెడుతూనే ఉంటుంది, తను తప్పుచేస్తున్నట్టు తనకే తెలియకుండా. విమానాశ్రయంలో ఎవరో ఆపి ఇంగ్లీషులో అడుగుతారు. ఆమె భయపడి 'మీ ఇష్టం' అంటుంది. ఈ అత్తే తన పెళ్లయిన కొత్తలో చుట్టాల ముందు, "మా కోడలు సగం సదువుది, మా అరుణ లెక్క కాదు," అంది. కాన్పయి ఇరవయ్యో రోజున బట్టలు ఉతకమంది. అదే అత్త, పాపకు ఊపిరాడక ఎగబోసినప్పుడు రాత్రంతా ఒళ్లో నిలువుగా పట్టుకుని కూర్చుంది. ఆమె మంచిదా చెడ్డదా అని తేల్చుకోవడానికి ఇది సమయం కాదు. నాకు లాభమున్నంత మాత్రాన నిజం అబద్ధమవుతుందా? ఆ ప్రశ్న దగ్గర చేతిలో గిన్నె ఆగింది.

చేతులు తుడుచుకుని ఏజెంటుకు ఫోన్ చేసింది. "ఏడాది వీసా అమ్మా. పరేషాన్ కాకుండ్రి," అన్నాడతను.

"ఆ కాగితం ఇప్పుడు మీ ముంగటున్నదా సార్?"

"బయటున్న. మళ్ల చేస్త."

మళ్లీ చేయలేదు. మంగళవారం పొద్దున ఆమె ఆ రెండు గళ్ల కిందా పెన్నుతో గీతలు గీసి, ఫొటో తీసి, ఇంటివాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో ఆమె ఇంతవరకు పాప ఫొటోలు తప్ప ఏమీ పెట్టలేదు. 'వదినా, ఈ రెండు గళ్లు ఒక్కసారి చూడు. అత్తమ్మ ఉండేది జులై ఎనిమిది దాకానే అనుకుంటున్న. తప్పయితే తప్పని చెప్పు' అని రాసింది.  తీసేద్దామని రెండుసార్లు వేలు పెట్టింది. తీసెయ్యలేదు. సాయంత్రం దాకా జవాబు లేదు.

బుధవారం పన్నెండు గంటలకు అరుణ ఫోన్ చేసింది. జుట్టు ముడి వేసుకోలేదు, కళ్లు లోతుకు పోయాయి. పక్కన కౌసల్య, ఒళ్లో పసిబిడ్డ.

"మహితా, నువ్వన్నదే కరెక్టు," అంది అరుణ. "ఆయన వీసా ఆఫీసుకు ఫోన్ చేసి అడిగిండు. జులై ఎనిమిది దాటొద్దు. దాటి ఎక్కువ రోజులుంటే మూడేండ్లు మళ్ల రానియ్యరంట. రేపు టికెట్ మార్పిద్దామనుకున్నం. నయం, చెప్పినవ్."

సత్తయ్య తలతిప్పి కోడలి వైపు చూశాడు. సాయికిరణ్ పళ్లెంలో మెతుకులు ఏరుతున్నాడు.

"అయితే ఒక దారున్నది," అంది అరుణ మళ్లీ. "వచ్చిన ప్రతిసారి మూడు నెలలు అని ఉన్నది గద. అమ్మ ఆరో తారీఖు ఇంటికొచ్చి, ఒక వారముండి మళ్ల వస్తే, ఇంకో మూడు నెలలు దొరుకుతయి. గట్ల మార్చి దాంక నడిపియ్యొచ్చు."

"మంచిగనే ఉంది," అన్నాడు సాయికిరణ్, తేలికపడి. "వచ్చేటప్పుడు పచ్చళ్లు గూడ పట్టుకపోతది."

"వారమంటే వారమే," అన్నాడు సత్తయ్య. "సరే తియ్యి."

మహితకు తను పంపిన ఫొటో గుర్తొచ్చింది. ఆ 'ప్రతిసారీ' కింద గీత గీసింది తనే. ఎన్నిరోజులు ఉండనిస్తారన్నది తేలిపోయింది. మార్చి దాకా ఎట్లా ఉంచాలన్నది కూడా తేలుతోంది. ముగ్గురు మాట్లాడుతున్నారు, ముగ్గురికీ తేదీలు తెలుసు. ఆ తేదీలు ఎవరివో ఆ కౌసల్య మాత్రం పసిబిడ్డ వీపు నిమురుతూ, ఎడమచేత్తో, కుడిచెయ్యి ఒళ్లో దాచుకుని కూర్చుంది.

మహిత ముందుకొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అత్తమ్మా, నీకెన్ని రోజులుండాలనున్నది?"

"అదేంది మహితా," అంది అరుణ. "అమ్మకు ఈడ తక్కువేమున్నది?"

"తక్కువని కాదు వదినా. ఆమెనడుగుతున్న."

కౌసల్య అటూ ఇటూ చూసింది. "నన్నా?"

"నిన్నే."

కౌసల్య ఒళ్లోని పసిబిడ్డను సర్దుకుంది. "ఇట్ల అడిగితే ఏం చెప్పాల్నో గూడ తెలుస్తలేదు," అంది చివరికి. "పిల్లను చూసుడు నాకు బరువు కాదు. బిడ్డ కష్టం చూస్తే పాణం ఆగది. గని పొద్దంత వీళ్ల పనిల వీళ్లుంటే, మాట్లాడనీకె మనిషి లేదు. బయట అందరి ఇండ్ల తలుపులు మూసే ఉంటయి. ఈ చెయ్యి పైకి లేస్తలేదు, చెప్తే అరుణ పరేషాన్ అయితదని చెప్పలే." ఆగి, ఊపిరి పీల్చుకుంది. "ఆరో తారీఖు వస్త. మళ్ల ఎప్పుడు పోవాల్నో, పోవాల్నో వద్దో, వచ్చినంక నేను చెప్త."

అరుణ తల్లి చెయ్యి పట్టుకుని పేలిక విప్పి చూసింది. ఆమె కళ్లనిండా నీళ్లు. రెండు నెలల బాలింత, నిద్రలేని మనిషి. ఆమె మీద మహితకు కోపం రాలేదు.

"మరి ఆగస్టుల నేనెట్ల పోవాలె మహితా?"

"శ్రావణ్ అన్న కొన్ని రోజులు సెలవు పెట్టడా?"

అరుణ పేలికను మళ్లీ తల్లి మణికట్టుకు చుట్టింది. "ఆయన్నడగలే," అంది.

"అడుగు వదినా."

ఫోన్ పెట్టేశాక సత్తయ్య వాకిట్లోకి పోయాడు. సాయికిరణ్ చెయ్యి కడుక్కుని వచ్చి నవ్వుముఖం పెట్టాడు. "ఇగ నీ డ్యూటీ ఖాయమైనట్టే. అమ్మ రాంగనే పాపను అప్పజెప్పి పో."

అంతవరకు ఆమె లెక్క కూడా అదే. నెలరోజులుగా ఆమె ఎదురుచూసింది అత్త కోసం కాదు, అత్త చేతుల కోసం. ఇప్పుడా చేతుల్లో ఒకటి పైకి లేవడం లేదని విన్నది. అక్కడ వదినకు ఏం చెప్పిందో, అది తనకు మాత్రం వర్తించదా?

"అత్తమ్మ పాప కోసం వస్తలేదు," అంది. "ఆమె ఇంటికి ఆమె వస్తున్నది. ముందుగాల చెయ్యి డాక్టరుకు చూపిద్దాం."

"మరి పాప?"

"నాది పొద్దుగాల ఆరు నుంచి రెండు దాంక. పదిహేను నుంచి నువ్వు బి షిఫ్టే అడిగి పెట్టించుకో. నువ్వు డ్యూటీకి పోయేదాంక పాప నీ దగ్గరుంటది. నువ్వు పోయినంక, నా బస్సు వచ్చేదాంక, ఆ నడిమి గంట మామ చూస్తడు."

సత్తయ్య వాకిట్లోంచి దగ్గాడు. కాదని మాత్రం అనలేదు.

"సూద్దాం," అన్నాడు సాయికిరణ్.

"సూసుడు అయిపోయింది. నాగవల్లి మేడంకు వస్తున్ననని చెప్తున్న."

లోపల పాప లేచి ఏడుపు మొదలుపెట్టింది. మధ్యాహ్నం మందు వేసే వేళ. మహిత ఫ్రిజ్ తీసి సీసా తెచ్చింది. అలవాటుగా మూత తిప్పబోయి, ఆగి, సీసాను అతని చేతిలో పెట్టింది. పాపను ఎత్తుకొచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. అతను సీసాను అటూ ఇటూ తిప్పాడు, తెలియని పనిముట్టును చూసినట్టు.

"ఎంత పొయ్యాలె?"

మహిత అప్పటికే ఫోన్‌లో నాగవల్లి నంబరు వెతుకుతోంది.

"డబ్బా మీద రాసి పెట్టిన," అంది. "చదువు."