తోన్కా చెయ్యి

షిబెనిక్ రేవు వెనక సందులో అక్కాతమ్ముళ్ళు తోన్కా, ష్పిరో ఉప్పునీటి పెంపుడు చేపల కొట్టు నడుపుతారు. పొద్దున్నే తోన్కా కాఫీ తాగి, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, ఒక్కో తొట్టెలో చెయ్యి ముంచుతుంది. నీళ్ళలో చేపల్ని పట్టే పురుగుంటే ఆమె ముంజేతి మీద ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు లేస్తాయి. మైక్రోస్కోపు కొనమని ఊళ్ళో ఎవరూ అనలేదు. వచ్చినవాళ్ళు ముందు ఆమె చెయ్యి చూసి, ఆ తర్వాతే చేపను చూస్తారు.

ఆ చేతి పుణ్యమా అని కొట్టు నడిచింది. ఆ చేతి మూలానే తోన్కా ఎక్కడికీ కదల్లేదు. పడవెక్కితే అరగంట దూరం కూడా లేని జ్లారిన్ దీవి నుంచి స్నేహితురాలు నెవెన ఏటా పిలిచేది. "నువ్వెళ్తే తొట్లెవరు చూస్తారక్కా?" అనేవాడు ష్పిరో.

ఇవాళ ఆమెకు తమ్ముడి మీద ఒళ్ళు మండిపోతోంది. గుండె ఆపరేషన్‌కి వెళ్తూ ఫ్రానె బాబాయ్ తన పసుపు చేప బేపోను వాళ్ళకప్పగించాడు. పదిహేనేళ్ళుగా ఆయనింట్లో ఉన్న రెండో ప్రాణి అదొక్కటే. తోన్కా దాన్ని విడి తొట్టెలో పెట్టింది. కొత్త సరుకొస్తోందని ష్పిరో ఆ తొట్టె ఖాళీ చేసి, బేపోను తీసుకెళ్ళి పోయినవారం ఒంటినిండా చుక్కలతో దిగిన చేపల మధ్య వేశాడు.

"చుక్కలు పోయాయి కదక్కా. చూడు, మిలమిలలాడుతున్నాయి."

"పోలేదురా, రాలాయి. రాలి ఇసుకలో కూర్చుని పిల్లలు పెడుతున్నాయి. నీకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. నా చెయ్యి చూడలేదూ?"

"నీ చెయ్యి మాట వింటే ఏడాదికి ఆర్నెల్లు కొట్టు మూసుకోవాలి."

బేపో పంపు కింద మొప్పలెగరేస్తూ నిలబడిపోయింది. ఇష్టమైన నాచు ముక్క ముందు పెడితే తల తిప్పుకుంది. తోన్కా చెయ్యి ముంచగానే చుక్కలు మోచేయి దాటాయి.

ఆమె తమ్ముడి మణికట్టు పట్టుకుని తన చేతి పక్కనే నీళ్ళలోకి గుంజింది.

"ఆ ముసలాయన గుండె కోయించుకుని వస్తే ఏం చూపిస్తావురా, ఖాళీ తొట్టా? నీ మాటే నిజమైతే ఇందులో ఏమీ లేదుగా. ఉంచు చెయ్యి."

చుక్కలు ఆమె మోచేతి నుంచి కిందికి జారి, వేళ్ళ కొసల్లోంచి అతని చేతి మీదికెక్కాయి. గుమ్మంలో నిలబడ్డ రొట్టెల కొట్టు మారిత్సా అంతా చూసి, "ఎప్పుడో కావాల్సింది," అని తన పని మీద వెళ్ళిపోయింది.

ఇసుకా రాళ్ళూ లేని ఉత్త గాజుతొట్టెలో బేపోకి రాగి మందు పెట్టారు. మందు చాలకపోతే పురుగు చావదు, మించితే చేపే చస్తుంది. మందు చాలకపోతే ష్పిరో చేతికి దురద, మించితే మంట. స్టూలు వేసుకుని తొట్టె పక్కనే తిన్నాడు, అక్కడే కునికాడు. తోన్కా జాలిపడలేదు. ఇన్నేళ్ళ కోపం ఒక వారంలో చల్లారదు.

నెల దాటాక ఫ్రానె బాబాయ్ కర్ర ఊతంతో వచ్చాడు. బేపో గాజు దగ్గరికి దూసుకొచ్చింది. ముసలాయన కళ్ళు తుడుచుకుని, అలవాటుగా తోన్కా చేతి కోసం చూశాడు. ఆమె లేదు.

"బేపోగాణ్ణి ఇంటికి తీసుకుపోనా?"

ష్పిరో చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్ళలో ముంచాడు.

"ఇంకో వారం ఆగు బాబాయ్. ఇంకా కొంచెం దురదగా ఉంది."

అదే పొద్దున జ్లారిన్ రేవు మెట్ల మీద, నెవెన పక్కన కూర్చుని, తోన్కా సముద్రంలో చెయ్యి పెట్టింది. బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చెయ్యి తడిసింది, అంతే.