ఎనిమిదో పాట

రియాజ్ మొహం చూస్తేనే శ్రీవాణికి ఒళ్లు మండేది. అయినా శుక్రవారం వచ్చిందంటే చాలు, మస్కట్‌లోని ఖురంలో అత్తరు షాపు డ్యూటీకి సెలవు పెట్టి మరీ బౌషర్ టాక్సీ ఎక్కేది. అక్కడ టైలర్ షాపు వెనక గదే ఖమరుద్దీన్ అనే అతను నడిపే రికార్డింగ్ స్టూడియో. "నీది గొంతా, రేకుడబ్బానా" అని ఎకసెక్కాలాడిన అత్తింటివాళ్ల చెవుల్లో తన గొంతు సీడీలోంచి మోగాలి. ఆమెకి కావాల్సింది అదొక్కటే.

‘ఉప్పుగాలి’ అనే ఆ బ్యాండ్‌కి సర్వాధికారి రియాజ్, ప్రొద్దుటూరు మనిషి. పాత ఇంగ్లీషు న్యూ వేవ్ పాటలు విని విని, సింథసైజరూ డ్రమ్ మెషీనూ పెట్టి తెలుగులో అలాంటి ఆల్బమ్ తీస్తానని 2008లో కూర్చున్నాడు. బ్యాండ్‌కి అదే మొదటి ఆల్బమ్, ఎనిమిది పాటలు. తీరా చూస్తే అతని దగ్గరున్నది దడదడమనే బీటు, కాసిని మాటలు. "బాణీ నువ్వే కట్టి పాడు మే" అనేవాడు. అలా ఏడు పాటలకి బాణీ ఆమె గొంతులోంచే వచ్చింది.

ఎనిమిదోది పాడటానికి వచ్చిన రోజు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అందులో మొదటి పాట వినబడింది. బాణీ తనదే, విరుపులూ తనవే. గొంతు మాత్రం ఇంకెవరిదో!

"గిదేంది? నా గొంతేది?"

"నీది ట్రాక్ కదమ్మే" అన్నాడు రియాజ్ తాపీగా. "నువ్వు ముందు పాడతావు, అది విని హైదరాబాద్‌లో పేరున్నామె అచ్చం అట్టనే పాడతాది. సినిమాల్లో అందరూ చేసేదే."

"ట్రాకని నాకెప్పుడు జెప్పినవ్?"

"చెప్పింటే ఇంత మనసు పెట్టి పాడింటివా?"

చెంప పగలగొట్టాలనిపించింది. లేచిపోదామనుకుంది. పోతే వీడికేం నష్టం, ఇంకొకరిని తెచ్చుకుంటాడు! ఉండు, నీ పని చెప్తానని మైకు ముందు నిలబడింది. ఎనిమిదో పాటంతా బీటు తప్పించి పాడింది. బీటు పడి దాటిపోయాక గానీ మాట ఎత్తుకోలేదు. ట్రాక్‌లో ఏముంటే అదే హైదరాబాదామె దించుతుంది, పాట తగలబడిపోతుంది, అంతే. అద్దం అవతల రియాజ్ ఒకసారి తలెత్తి చూశాడు. రికార్డింగ్ మాత్రం ఆపలేదు.

సీడీ బయటికొచ్చింది. అట్ట మీద హైదరాబాదామె నవ్వుతున్న ఫొటో. ఏడు పాటల్ని పట్టించుకున్నవాడు లేడు. ఎనిమిదోది మాత్రం మస్కట్ తెలుగువాళ్ల కార్లన్నిటిలో మోగింది. అత్తరు కొనడానికొచ్చిన అమ్మాయిలు కూడా అదే పాడుకుంటున్నారు.

"మాట అలా వెనక్కి లాగి పాడుతుంది చూడవే, ప్రాణం తీసింది!" అంది ఒకతె.

అది నేను పాడిందేనని అరవాలనిపించింది శ్రీవాణికి. అరిచి ఏం చెప్పాలి? చెడగొట్టాలని పాడానని చెప్పాలా?

వారం తిరగకుండా రియాజ్ షాపుకే వచ్చాడు.

"నువ్వు బీటు తప్పిస్తాండావని నాకప్పుడే తెల్సు మే. ఆపితే నీ కోపం చల్లారిపోతాదని ఊరుకుంటి. నీకు మండితేనే బాగా పాడతావు. రెండో ఆల్బమ్ మొదలుపెడతాండా, శుక్రవారం రా. ముందు నాలుగు తిట్టి, ఆనక పాడిస్తా."

కౌంటర్ మీదున్న సీసా ఎత్తి అతని నెత్తిన పగలగొట్టాలనుకుంది. దాన్ని పక్కకి జరిపింది.

"ఈసారన్న నా గొంతుంటదా?"

"చూద్దాంలే" అని నవ్వాడు.

వాడు అబద్ధమాడుతున్నాడని ఆమెకి తెలుసు. వాడి మీద ఉన్న అసహ్యమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

"ఎన్నింటికి రావాలె?" అని అడిగింది.