మాదాపూర్ రోడ్డు మీద స్వామి

మాదాపూర్ దాటుతుండగా మా వ్యాను ఆగిపోయింది. కొత్తగా కట్టిన అద్దాల భవనం చూడడానికి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని పోలీసులు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టారు. మా ముందు రెండు బస్సులు, వెనక సిమెంటు లారీ. రాయదుర్గంలో మా ఇల్లు ఇంకా మూడు కిలోమీటర్లు కూడా లేదు.

"ఎంతసేపు మల్లయ్యా?" అని డ్రైవర్‌ను అడిగాను.

"గంట పెద్దయ్యా. వాళ్లు గంటన్నర అన్నరు. మీరు పరేషాన్ అయితరని నేను తగ్గించిన."

ఆ మాట విని మా ఇంటామె భాగ్యమ్మ కళ్లు మూసుకుంది. రాత్రి సిద్దిపేటలో వ్యానులోనే పడుకున్నాం. పొద్దున బయలుదేరేటప్పుడు ఆమె బీపీ గోలీ వేసుకుంది. అది వేసుకుంటే గంటకోసారి ఒంటికి పోవాలి. ఒకసారి దారిలో ఆపాం. మళ్లీ ఆపుతానని మల్లయ్య అంటే, "ఇంకెంత, ఇల్లు చేరుదాం పా" అన్నది నేనే.

పోయినేడు ఆమెకు తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గాని కింద కూర్చోలేదు. అందుకే ఈ ధర్మపురి యాత్రకు రానంది. మా కొడుకు ఓంకార్ ఒక పాత కర్రకుర్చీని మధ్యలో గుండ్రంగా కోయించి, దాని కిందికి మూత ఉన్న బకెట్ అమర్చి, రంపపు పొట్టు ఒక సంచి నిండా తెచ్చి వ్యానులో వేసి మమ్మల్ని పంపాడు. నాలుగు రోజులు అట్లాగే గడిచింది. చేను కనిపిస్తే ఆపడం, కుర్చీ దింపడం. కోడలు రేఖ చుట్టూ చీర పట్టేది. నేనూ మల్లయ్యా అటు తిరిగి నిలబడేవాళ్లం.

వ్యాను లోపల మాత్రం ఆ కుర్చీ వాడలేదు. లోపల స్వామి ఉన్నాడు. మా తాతలనాటి ఇత్తడి నరసింహస్వామి, జానెడు విగ్రహం. ధర్మపురిలో గోదావరి స్నానం చేయించి తెస్తున్నాం. స్నానమైన స్వామిని మళ్లీ ఇంట్లో గూటిలోనే దించాలి. మధ్యలో నేలకు తగలొద్దు, మైల సోకొద్దు. మా అమ్మ అట్లా చెప్పింది. ఎందుకని నేను అడగలేదు.

కిటికీలోంచి చూశాను. బండలన్నీ పేల్చి చదును చేశారు. చెట్టు లేదు, పొద లేదు. చుట్టూ స్కూటర్లు. ఎడమపక్క కడుతున్న మేడలో ప్రతి అంతస్తు మీదా కూలీలు పని ఆపి కిందికే చూస్తున్నారు.

"పరదాలు గుంజిన అత్తమ్మా. ఎవలకు కనిపిస్తది? లోపలనే కూసో" అంది రేఖ.

"ఆయన ముంగటనా? నలభై ఏండ్ల సంది దీపం పెట్టిన. చస్త గని కూసోను."

"స్వామి మీద గుడ్డ కప్పుదాం" అన్నాను.

"కప్పితె ఆయనకు తెల్వదా? నువ్వేమన్న చిన్నపిల్లగానివా?"

పావుగంట గడిచింది. తాడు కదల్లేదు. భాగ్యమ్మ సీటు కడ్డీ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ముక్కు మీదినుంచి చెమట చుక్కలు రాలుతున్నాయి. రేఖ చెయ్యి వేయబోతే "ముట్టకు, కదిలితె అయిపోతది" అంది. తర్వాత నావైపు చూసింది.

"ఓంకార్ నాయినా, ఇగ నాతోని గాదు."

ఎముక విరిగిన రోజు కూడా ఆమె ఆ మాట అనలేదు. ఆమె దిగడానికి చోటు లేదు. స్వామి నేలకు తగలొద్దు. కాని నా నెత్తి నేల కాదు గదా?

తువ్వాలను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. చెప్పులు విడిచాను. పీటతో సహా స్వామిని ఎత్తుకుని వెనక తలుపులోంచి దిగాను. "అయినంక రేకు మీద మూడుసార్లు కొట్టు" అని రేఖకు చెప్పి తలుపు మూయించాను.

తారు కాలుతోంది. బస్సులోంచి ఒకామె చేతులు జోడించింది. స్కూటర్ మీది అబ్బాయి నవ్వాడు. "తాతా, ఊరేగింపుకు డప్పులేవి?"

నా చెవి తలుపు మీదే ఉంది. దూరంగా సైరన్ వినిపించింది. ఒక కానిస్టేబుల్ ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఏయ్ పెద్దాయనా! కార్లు వస్తున్నయి. ఎక్కు లోపలికి!"

"జర ఆగు బిడ్డా."

"ఆగుడేంది? ఎస్సై చూస్తే నా నౌకరీ పోతది. పరదాలెందుకు గుంజినవ్? లోపల ఏం పెట్టినవ్? తలుపు తియ్."

అతని చెయ్యి తలుపు పిడి మీద పడింది. నేను వీపు తలుపుకు ఆనించాను. స్వామి ఒరిగాడు. రెండు చేతులూ పీటకే సరిపోయాయి, అతన్ని ఆపడానికి చెయ్యి మిగల్లేదు.

"లోపల ఆడమనిషి ఉన్నది" అన్నాను. "కూసోలేదు, నిలబడలేదు. ఆమె కోసమే స్వామిని బయటికి తెచ్చిన."

అతను నన్ను చూశాడు. కాలిన నా కాళ్లు చూశాడు. పిడి వదిలి, వ్యానుకు వీపు పెట్టి నిలబడి లాఠీ చాపాడు.

"ఏయ్, ఇటేం చూస్తున్నరు? అందరు అటు తిరుగుండ్రి!"

స్కూటర్లవాళ్లు తిరిగారు. నల్లకార్ల వరస ఒకటి మమ్మల్ని దాటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ చప్పుడు అణగాక రేకు మీద మూడు దెబ్బలు వినిపించాయి.

తలుపు తెరుచుకుంది. రేఖ పసుపునీళ్లు చల్లుతోంది. బకెట్‌కు మూత బిగించి ఉంది. మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాను.

"నేను నడిచి వస్త. మీరు పోండ్రి."

"ఏందయ్యా గా నిలబడుడు?" భాగ్యమ్మ గొంతు మళ్లీ ఎప్పటిలాగే ఉంది. "ఆయన ఎండకు మాడుతున్నడు. ఇద్దరు ఎక్కుండ్రి."

"మరి మైల?"

"దండం పెట్టి అడిగిన."

"ఏమన్నడు?"

"నువ్వెన్నడన్న అడిగినవా ఆయనను?"

ఎక్కాను. స్వామిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పోలీసులు తాడు విప్పారు, మల్లయ్య బండి కదిలించాడు. భాగ్యమ్మ రెండుసార్లు చేతులు కడుక్కుంది. చెయ్యి చాపి విగ్రహాన్ని తాకి, "అబ్బ, కాలుతున్నది" అని, కొంగు తడిపి స్వామిని తుడవసాగింది.