ఒంటిగంటకు పడుకునే ఇల్లు

తిరువూరు మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టున్న దశరథరామయ్య ఇంట్లో పన్నెండుంపావుకల్లా కంచాలు పెట్టెయ్యాలి. పన్నెండున్నరకి పప్పులో ఉండాలి, ముప్పావుకి మజ్జిగలోకి వచ్చెయ్యాలి. ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు చేతులు కడుక్కోవాలి. ఎందుకంటే ఒంటిగంటకి ఇల్లు పడుకుంటుంది.

మనుషులు కాదండీ, ఇల్లే. అది పడుకుంటే మనుషులు పడుకోక చస్తారా! సరిగ్గా ఒంటిగంటకి వీధి తలుపు తనంతట తనే మూసుకుని గడియ పడుతుంది. కిటికీ రెక్కలు వాలిపోతాయి. ఫ్యాను ఆగుతుంది, ఫ్రిజ్జు మూలుగు మానేస్తుంది, చేతిలో ఉన్న ఫోన్లు కూడా ఆరిపోతాయి. రోహిణి ఎండలోనైనా లోపల కొత్త కుండ పక్కన కూర్చున్నంత చల్లగా ఉంటుంది. మళ్ళీ రెండున్నరకి ద్వారబంధాలు కిర్రుమని ఒళ్ళు విరుచుకుంటాయి, కుళాయి రెండుసార్లు దగ్గుతుంది, గడియ ఊడుతుంది. దశరథరామయ్య తాత కట్టించిన నాటి నుంచీ ఇదే వరస. కొరియర్ కుర్రాళ్ళు కూడా ఆ వీధిలో మిగతా ప్యాకెట్లన్నీ ఇచ్చేసి ఈ ఇంటిది మాత్రం మూడింటికి తెస్తారు. ఆ ఇంట్లో ఎనభై దాటకుండా పోయినవాళ్ళు లేరు మరి.

దశరథరామయ్యకి అరవై తొమ్మిది. ఆయనకి అభిప్రాయం లేని విషయం తిరువూరులో లేదు. పొద్దున నడక తారు రోడ్డు మీద కాదు, మట్టి దారిలో నడవాలి. నీళ్ళు కూర్చునే తాగాలి. రాగి జావలో బెల్లం వేసేవాడు జావ తాగడం మానెయ్యడం మంచిది. ఫోన్ల విషయంలోనూ అంతే. ఊరికే వచ్చే యాప్ మన దగ్గర ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వస్తుంది. ఇక అప్‌డేట్ల సంగతా, "కొత్త అల్లుణ్ణీ కొత్త అప్‌డేట్‌నీ నాలుగు రోజులు చూశాకే నమ్మాలి" అని కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. వినగడప నుంచి బిందె కొనడానికి వచ్చినవాడు బిందెతో పాటు ఈ మాటా పట్టుకెళ్ళాల్సిందే.

ఆయన భార్య మహాలక్ష్మికి ఒకటే అభిప్రాయం. నీళ్ళు తాగమని గుర్తుచేసే యాప్ గురించి ఎవరైనా చెబితే, "దాహమేస్తోందని చెప్పడానికి కూడా ఫోనేనా? గొంతు దేనికుంది మరి?" అంటుంది.

కొడుకు మురళీకృష్ణ కొట్లో కూర్చుంటాడు. బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ పదేళ్ళ నాటిది. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకూడదని అతని సిద్ధాంతం. నాన్నకి తగ్గ కొడుకు.

ఈ ముగ్గురి మధ్యకి కోడలుగా వచ్చింది భువన. పెళ్ళయి ఏడు నెలలు. హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం. వేళకి మందులు వేసుకోమని రోగులకి గుర్తుచేసే యాప్ ఒకటి చేస్తారు వాళ్ళు. అందులో తప్పులు వెతకడం భువన పని. ఇంటి దగ్గర్నుంచే చేసుకోమని పర్మిషన్ ఇచ్చారు కాబట్టి పెళ్ళి కుదిరింది. లేకపోతే కొట్టు వదిలి మురళీకృష్ణ వెళ్ళలేడు, ఉద్యోగం వదిలి భువన రాలేదు. ఆ ఉద్యోగం కోసం ఆ పిల్ల రెండేళ్ళు హాస్టల్లో నీళ్ళ సాంబారు తిని కష్టపడింది.

కాపురానికొచ్చిన కొత్తల్లో ఇంటితో పోరాడింది పాపం. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ ఒంటిగంటకి ఆరిపోతే బ్యాటరీ మార్పించింది. తన పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ ఎక్కించింది. "ఇది నెలల తరబడి పడుకోకుండా పనిచేస్తుంది, దీన్ని మించింది లేదు" అని మొగుడికి గొప్పగా చెప్పింది. ఒంటిగంటకి అదీ పడుకుంది. మురళీకృష్ణ ఇన్వర్టర్ పెట్టించాడు. ఇన్వర్టర్ అందరికంటే ముందు, పన్నెండూ యాభై తొమ్మిదికే పడుకుంది. చివరికి భువన రోజూ తొందరగా నాలుగు ముద్దలు తినేసి, లాప్‌టాప్ పట్టుకుని కొట్టుకి పోవడం అలవాటు చేసుకుంది.

రోజూ ఒకటిన్నరకి ఆఫీసు కాల్. టీము లీడరు అభిలాష్ ఆ వేళని ఏ గడియలో ఎంచుకున్నాడో గానీ, పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. గుండిగలకీ బకెట్లకీ మధ్య స్టూలేసుకుని కూర్చునేది భువన. ఎ.కొండూరు నుంచి పెళ్ళి సామానుకొచ్చినవాళ్ళు బిందెల్ని వేలితో కొట్టి చూసుకునేవాళ్ళు.

"ఆ గంటలేంటి భువనా? గుళ్ళో ఉన్నావా?" అని అడిగేవాడు అభిలాష్.

"కాదు, బిందెలు."

సోమవారం యాప్ కొత్త వెర్షన్ తయారైంది. అది జనంలోకి వెళ్ళేది శుక్రవారం. ఈలోగా నిజంగా మందులు వాడే మనిషి ఫోన్లో పెట్టి చూద్దామని భువన మామగారి ఫోన్లో ఎక్కించింది. ఆయనకి షుగరుంది. మధ్యాహ్నం భోజనంతో బిళ్ళ వేసుకుంటాడు.

"నువ్వు చేసిందేనా అమ్మా?" అని అడిగాడాయన.

"మా టీము చేసిందండి మామయ్యగారూ. నేను చూసి బాగుందంటేనే బయటికెళుతుంది."

"అయితే నాలుగు రోజులు ఆగక్కర్లేదులే" అన్నాడు. మహాలక్ష్మి వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన నోటి నుంచి అలాంటి మాట ఆవిడ ముప్పై అయిదేళ్ళ కాపురంలో వినలేదు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి దశరథరామయ్య కొట్లో ఉన్నపళంగా కూలబడ్డాడు. చెమటలు, చేతులు వణుకు. మురళీకృష్ణ నీళ్ళిచ్చాడు. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే పది నిమిషాలకి తేరుకున్నాడు. "ఎండ దెబ్బ. రేపట్నుంచి గొడుగు తెచ్చుకుంటా" అన్నాడు. గురువారం గొడుగేసుకుని వచ్చాడు, మళ్ళీ కూలబడ్డాడు. మే నెల కదా, అందరూ ఎండనే తిట్టుకున్నారు.

ఆ గురువారమే అభిలాష్ ఖరాఖండిగా చెప్పేశాడు. "రేపు ఒకటిన్నరకి ఆఖరి కాల్. నువ్వు ఓకే అంటే మూడింటికి నలభై వేల ఫోన్లలోకి వెళ్ళిపోతుంది. బిందెల్లోంచి మాట్లాడతావో, బావిలోంచి మాట్లాడతావో నాకు తెలీదు, లైన్లో ఉండాలి. లేకపోతే సోమవారం నుంచి ఆఫీసుకొచ్చి కూర్చో. ఇంటి నుంచి పని అనేది ఇక ఉండదు."

ఆ మాట భువన అత్తగారితో తప్ప ఎవరితోనూ చెప్పలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఓకే అనడమేగా అని ధైర్యం తెచ్చుకుంది.

శుక్రవారం పన్నెండూ ముప్పావుకే తినేసి, అన్నీ సర్దుకుని ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా బయల్దేరింది. గుమ్మం దిగి వీధి మలుపు దాకా పోయాక చార్జరు గుర్తొచ్చింది. పరిగెత్తుకొచ్చింది, చార్జరు ప్లగ్గులోంచి లాగింది. అంతే, వీధి తలుపు గడియ పడింది.

భువన తలుపు బాదింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కిటికీ దగ్గరికి పరిగెత్తి ఎదురింటి టైలరు ప్రేమావతిని కేకేసింది. ఆ గంటన్నరా లోపలి మాట బయటికి పోదు. ఫోను చూస్తే నల్లగా ఉంది. ఇక నిలబడలేక తలుపుకి చేరగిలబడి భోరుమంది.

మహాలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది. "పోతే పోయిందిలే అనను తల్లీ. నువ్వెంత కష్టపడ్డావో నాకు తెలుసు. కానీ దీన్ని లేపడం ఎవరి తరమూ కాదు. నాకు నొప్పులొచ్చినప్పుడే లేవలేదిది. మురళి ఆ మూల గదిలోనే పుట్టాడు, రెండింటికి. పుట్టినవాడు ఏడవాలా వద్దా? రెండున్నర దాకా హాయిగా పడుకుని, అప్పుడేడ్చాడు."

భువనకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ తర్వాత కళ్ళు మూతలు పడ్డాయి. ఏడు నెలల్లో ఆ ఇంట్లో ఆ వేళకి ఆ పిల్ల పడుకోవడం అదే మొదలు. అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని చార్జరు గుండెలకి హత్తుకుని నిద్రపోయింది.

ద్వారబంధాలు కిర్రుమన్నాయి. కుళాయి దగ్గింది. పడక్కుర్చీ పక్కన దశరథరామయ్య ఫోను వెలిగి మోగింది. ఆయన లేచి కళ్ళజోడు పెట్టుకుని తెర చూశాడు. పక్కనున్న డబ్బాలోంచి బిళ్ళ తీసి అరచేతిలో వేసుకుని, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

నిద్రకళ్ళతో చూస్తున్న భువన ఒక్క ఉదుటున లేచింది. "మామయ్యగారూ! అన్నం తిన్నాక వేసుకున్నారు కదా? నేను చూశాను!"

"వేసుకున్నానమ్మా. వేసుకున్నానని నొక్కాను కూడా. ఇది రెండోది. నీ యాప్ మళ్ళీ వేసుకోమంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సోమవారం నుంచీ. ఇల్లు లేవగానే రోజూ అడుగుతుంది."

భువన ఆయన అరచేతిలోంచి బిళ్ళ లాక్కుంది. ఆయన ఫోన్లో యాప్ తెరిచి చూసింది, ఇవాళ్టి మందు వేసుకోలేదనే ఉంది. ఫోను పడుకుని లేస్తే చాలు, మందు వేసుకున్న సంగతి యాప్ మర్చిపోతోంది. హైదరాబాదు ఆఫీసులో ఫోన్లు రాత్రీ పగలూ మేలుకునే ఉంటాయి. వాటిలో ఈ తప్పు వెయ్యేళ్ళకైనా బయటపడదు.

అభిలాష్ పదిహేడుసార్లు ఫోన్ చేసినట్టు తన ఫోన్లో మెసేజ్‌లున్నాయి. వెంటనే తిరిగి చేసింది.

"ఎక్కడున్నావమ్మా తల్లీ!" అభిలాష్ మండిపడుతున్నాడు. "మేనేజరు గంట నుంచి లైన్లోనే ఉన్నారు. ఇంకేం మాట్లాడకు, ఓకే అను చాలు."

"అనను."

"ఏంటీ?"

"అనను. ఒక ఫోన్లో మందు వేసుకున్నానని నొక్కి, ఫోను ఆపి, మళ్ళీ ఆన్ చెయ్యండి."

"భువనా, రెండొందల సార్లు చూశాం దాన్ని..."

"ఆన్ చెయ్యండి అభిలాష్! ఇక్కడ మా మామయ్యగారు నాలుగు రోజులుగా డబుల్ డోసు మింగుతున్నారు!" ఆ పిల్ల అంత గట్టిగా అరవగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

అవతల ఎవరో ఒక ఫోను ఆపి ఆన్ చేశారు. కాసేపటికి అక్కడి ఫోను మోగడం ఇక్కడికి వినిపించింది. ఇంకో ఫోను ఆపి చూసినట్టున్నారు, అదీ మోగింది. నలభై వేల మంది ముసలీ ముతకా ఉన్నారు ఆ లిస్టులో. "ఆపెయ్యండి, రిలీజ్ ఆపెయ్యండి" అని మేనేజరు ఎవరితోనో అంటున్నాడు.

సాయంత్రానికి అభిలాష్ మెసేజ్ పెట్టాడు. సోమవారం ఆఫీసుకి రానక్కర్లేదు. కాల్ ఇక నుంచి మూడింటికి. ఇంకోటి, రెండు టెస్టు ఫోన్లు కొరియర్లో పంపుతున్నారు, వాటిని రోజూ ఆ ఇంట్లో పడుకోబెట్టాలి. ఆఫీసులో ఎవరూ ఇదేం ఇల్లని అడగలేదు. అడ్రస్ సరిగ్గా ఉందా అని మాత్రం అడిగారు.

భువనకి ఆ మెసేజ్ చదివే ఓపిక లేదు. శనివారం పొద్దున్నే మామగారిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ అన్నీ చూసింది, రక్తం తీయించింది, బిళ్ళల డబ్బా తిప్పి తిప్పి చూసింది.

"కొట్లో కూలబడింది ఎండకి కాదు, షుగరు పడిపోయి. నాలుగు రోజులకే పట్టుకున్నారు, మంచిదైంది. ఈ వయసులో ఈ మందు రెండేసి వేసుకుంటూ పోతే, ఏదో ఒక మధ్యాహ్నం మీ ఇల్లు లేచేది గానీ ఈయన లేచేవారు కాదు" అంది.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కాక భువన ఆగలేకపోయింది. అంత పెద్దాయన మీద ఎప్పుడూ గొంతెత్తని పిల్ల గొంతెత్తింది. "ఊళ్ళో ప్రతిదానికీ వంక పెడతారు కదండీ! జావలో బెల్లానికి కూడా! రెండో బిళ్ళ ఎందుకని నన్నొక్క మాట అడగలేకపోయారా?"

దశరథరామయ్య రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "అడుగుదామనే అనుకున్నానమ్మా, మంగళవారమే. కొత్తగా వచ్చిన పిల్లవి. నువ్వు చేసిందాన్ని తప్పంటే చిన్నబుచ్చుకుంటావేమోనని మింగేశాను."

భువన ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఆటో బస్టాండు దాటింది. విస్సన్నపేట నుంచి వచ్చిన మామిడికాయల బండి అడ్డం ఉంటే ఆటో కాసేపు ఆగింది.

"ఒక మాటంటే ఏమనుకోవుగా?" అన్నాడాయన నెమ్మదిగా.

"అనండి మామయ్యగారూ."

"ఆ యాప్‌లో అక్షరాలు చీమ తలకాయల్లా ఉన్నాయమ్మా. ఎవరు పెట్టారో గానీ, వాడికి ముసలివాళ్ళంటే బొత్తిగా దయలేదు."

"ఆ సైజు బాగుందన్నది నేనేనండీ" అంది భువన, ఆయన చెయ్యి వదలకుండా. "మార్పిస్తాను. ఇంకా ఏమేం బాలేదో చెప్పండి."

ఆటో ఇంటి ముందు ఆగేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు.